ట్రీహౌస్‌లు కట్టడం వృత్తిగా చేసుకోవాలంటే

చెట్ల మీద ఇళ్లు కట్టే ఈ పనిలోకి వచ్చేవాళ్లలో చాలామంది వడ్రంగం నుంచో, ఇళ్ల నిర్మాణం నుంచో వస్తారు. నేనూ అలాగే వచ్చాను. దూలం ఎంత బరువు మోస్తుందో, కప్పుకు ఎంత వాలు కావాలో మనకు తెలుసు. తెలియనిదల్లా చెట్టు. నేల మీద ఇంటికి ఒకసారి పునాది వేస్తే అది కదలదు. ఇక్కడ పునాదే ఏటా లావెక్కుతుంది, గాలికి ఊగుతుంది. ఏ బోల్టు వాడాలి, మెట్లు ఎలా నిలబెట్టాలి, కాంట్రాక్టులో ఏం రాసుకోవాలి అన్నవన్నీ ఈ రెండు విషయాల మీదే ఆధారపడతాయి. అందుకే డబ్బు సంగతి తర్వాత చెబుతాను. ముందు చెట్టు.

చెట్టును చదవడం

బెరడు కింద కాంబియం అనే పల్చటి పొర ఉంటుంది. మాను లావయ్యేది దానివల్లే. దానికి బయటివైపు ఆకులు తయారుచేసిన ఆహారం కిందికి దిగుతుంది, లోపలివైపు చెక్కలోంచి నీళ్లు పైకెక్కుతాయి. చెట్టు ఎత్తు పెరిగేది మాత్రం కొమ్మల చివర్లలోనే. కాబట్టి 8 అడుగుల ఎత్తులో దించిన బోల్టు 20 ఏళ్ల తర్వాత కూడా 8 అడుగుల ఎత్తులోనే ఉంటుంది. "చెట్టు పెరిగేకొద్దీ ఇల్లు పైకి పోతుందా?" అని దాదాపు ప్రతి కస్టమరూ అడుగుతారు. పోదు. కానీ మాను లావెక్కి, తనకు ఆనుకుని ఉన్న దేన్నయినా బయటికి నెడుతుంది. ఆ బలం ముందు మేకులు, స్క్రూలు నిలబడవు.

ఇంకో సంగతి. చెట్టుకు దెబ్బ తగిలితే మన ఒంటి మీద గాయం మానినట్టు మానదు. దెబ్బతిన్న భాగం చుట్టూ చెట్టు గోడలు కట్టుకుని, దాన్ని లోపలే మూసేసి, పైన కొత్త చెక్క పెంచుకుంటుంది. అమెరికా అటవీ విభాగంలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను రంపంతో నిలువునా చీల్చి చూసి, 1970లలో ఈ పద్ధతిని వివరించారు. మన పనికి ఆయన చెప్పినదాంట్లో ముఖ్యమైనది ఇది: కుళ్లు మానులో నిలువునా తొందరగా పాకుతుంది, అడ్డంగా పాకడం కష్టం. ఒకే నిలువు వరసలో రెండు బోల్టులు దగ్గర దగ్గరగా వేస్తే రెండు గాయాలూ లోపల కలిసిపోయి, మధ్య చెక్క పనికిరాకుండా పోతుంది.

తాటి, కొబ్బరి, ఈత లాంటి చెట్లకు ఆ కాంబియం పొరే లేదు. వాటికి రంధ్రం పెడితే అది ఎప్పటికీ మూసుకోదు. వాటి మధ్యలో ఇల్లు కావాలని అడిగితే నేల మీద స్తంభాలు నిలబెట్టి కట్టండి, చెట్టుకు ఏదీ బిగించకండి.

చెట్టు దగ్గరికి వెళ్లగానే పైకి చూడాలనిపిస్తుంది. ముందు కింద చూడండి. మాను మొదట్లో గట్టి పుట్టగొడుగులు ఉన్నాయా? వేర్ల మీద మట్టి పగుళ్లిచ్చి పైకి లేచిందా? ఈ రెండింటిలో ఏది కనిపించినా ఆ చెట్టు మీద కట్టకండి. తర్వాత చెక్క సుత్తితో మాను చుట్టూ తట్టుతూ వెళ్లండి. గట్టి చెక్క ఒకలా మోగుతుంది, తొర్ర ఉన్నచోట డప్పులా బోలుగా మోగుతుంది. నాలుగైదు చెట్లను తట్టి చూస్తే తేడా చెవికి పట్టుబడుతుంది. తర్వాత పంగలు చూడండి. వెడల్పుగా తెరుచుకున్న పంగ బలంగా ఉంటుంది. ఇరుకుగా ఉండి, మధ్యలో బెరడు లోపలికి ముడుచుకుపోయిన పంగ పెద్ద గాలికి చీలిపోతుంది. చివరగా పైన ఎండిన కొమ్మలు ఎన్ని ఉన్నాయో, ఆకులు సీజన్‌కు తగ్గట్టు నిండుగా ఉన్నాయో లేదో చూడండి.

నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో టేపు చుట్టి చుట్టుకొలత తీసుకోండి. 38 అంగుళాలు వస్తే మాను అడ్డకొలత దాదాపు 12 అంగుళాలు. మూడు నాలుగు చెట్లు కలిసి మోసే ఇంటికి ఒక్కో చెట్టుకు నేను పెట్టుకున్న కనీస కొలత అదే. ఒకే చెట్టు మీద కట్టాలంటే దానికి ఒకటిన్నర రెట్లయినా లేకపోతే ఒప్పుకోను.

వేర్ల సంగతి చాలామంది మర్చిపోతారు. ఎక్కువ వేర్లు పైన రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. మాను అడ్డకొలతలో ప్రతి అంగుళానికి ఒక అడుగు చొప్పున చుట్టూ గీత గీసుకోండి. 18 అంగుళాల మానుకు 18 అడుగుల వ్యాసార్థం. ఆ గీత లోపలికి లారీ రాకూడదు, కలప కుప్ప వేయకూడదు, మట్టి తవ్వకూడదు, పోయకూడదు. పని జరిగినన్నాళ్లూ అక్కడ మందంగా చెక్క పొట్టు పరిస్తే మనుషుల నడకకు మట్టి గట్టిపడకుండా ఉంటుంది.

ఇవన్నీ మీరు నేర్చుకున్నా చెట్ల నిపుణుడి స్థానం మీది కాదు. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ అర్బరికల్చర్ 1924 నుంచి ఉంది, అది అర్బరిస్టులకు, అంటే చెట్ల సంరక్షణ నిపుణులకు, సర్టిఫికేషన్ ఇస్తుంది. అలాంటివారు మీ చుట్టుపక్కల ఉంటే ప్రతి పనికీ వాళ్లతో లిఖితపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. లేకపోతే చెట్ల జబ్బులు తెలిసినవాళ్లను వెతికి పట్టుకోండి. ఈ ఖర్చు మిగుల్చుకుందామని చూడకండి.

బోల్టు

చెట్టుకు తాడో, ఇనుప తీగో చుట్టి ఇల్లు వేలాడదీస్తే చెట్టును గాయపరచనట్టేనని కొత్తవాళ్లు అనుకుంటారు. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. మాను లావెక్కేకొద్దీ ఆ తీగ బెరడులోకి దిగి, ఆహారం కిందికి దిగే దారిని చుట్టూరా నొక్కేస్తుంది. వేర్లకు తిండి అందక చెట్టు చస్తుంది. ఒక మంచి రంధ్రం చెట్టుకు చిన్న గాయం, చుట్టూ బిగిసిన తీగ ఉరి.

పదుల కొద్దీ మేకులు, చిన్న బోల్టులు కూడా వద్దు. గాయాలు ఎక్కువ, బలం తక్కువ. ఈ వృత్తిని మార్చేసింది ట్రీహౌస్ అటాచ్‌మెంట్ బోల్ట్. పనివాళ్లు పొట్టిగా ట్యాబ్ అంటారు. అమెరికాలోని ఒరెగాన్‌లో మైకేల్ గార్నియర్, ఇంజనీరు చార్లెస్ గ్రీన్‌వుడ్ కలిసి దీని తొలి రూపాల్లో ఒకటి తయారుచేశారు. దాన్ని గార్నియర్ లింబ్ అంటారు. వేడితో గట్టిపరిచిన లావాటి ఉక్కు కడ్డీ, ఒక చివర మరలు, మధ్యలో దాదాపు 3 అంగుళాల అడ్డకొలత ఉన్న గుండ్రటి కాలర్. మరలు చెక్కను పట్టుకుంటాయి, కాలర్ చెక్కలో కూర్చుని బరువును వెడల్పుగా పంచుతుంది, మిగతా కడ్డీ చేతిలా బయటికి పొడుచుకుని ఉండి దూలాన్ని మోస్తుంది. దూలానికీ మానుకీ మధ్య ఆ చేతి పొడవున ఖాళీ ఉంటుంది కాబట్టి చెట్టు లావెక్కడానికి ఏళ్ల తరబడి చోటు మిగులుతుంది. చెట్టు మెల్లగా కాలర్‌ను తనలో కలిపేసుకుంటుంది. అలా కలుపుకున్నాక పట్టు ఇంకా పెరుగుతుంది.

బిగించేటప్పుడు ఈ వరస తప్పకండి. ముందు అన్ని బోల్టుల చోట్లూ ఒకే మట్టంలో గుర్తు పెట్టుకోండి. దీనికి లేజర్ ఉంటే మంచిదే, లేకపోయినా నీళ్లు నింపిన పారదర్శకమైన పైపు చాలు. మానుల మధ్య అదే ఎక్కువ నమ్మకంగా పనిచేస్తుందని నా అనుభవం. డ్రిల్లు బిట్‌లను స్పిరిట్‌తో తుడవండి, ఒక చెట్టు జబ్బు ఇంకో చెట్టుకు ఎక్కకుండా. ముందు కాలర్ కూర్చునే వెడల్పు గుంత, తర్వాత కడ్డీకీ మరలకూ తగిన రంధ్రాలు, బోల్టు తయారుచేసినవాళ్లు చెప్పిన కొలతలకే. రంధ్రం అడ్డంగా, సరిగ్గా మట్టంలో పోవాలి. పక్కన ఒకరు నిలబడి రసమట్టం చూస్తూ ఉండాలి. డ్రిల్లు నుంచి వచ్చే పొట్టును గమనించండి. తెల్లగా, తాజాగా వస్తే సరే. నల్లగా, పొడిపొడిగా, పుల్లటి వాసనతో వస్తే లోపల కుళ్లు ఉన్నట్టు. అక్కడే ఆపి నిపుణుడిని పిలవండి. "పక్కన ఇంకోటి వేద్దాం" అనుకోకండి. తర్వాత పొడవాటి రెంచితో కాలర్ గుంత అడుగుకు గట్టిగా తగిలేదాకా తిప్పండి. ఒకసారి బిగించినదాన్ని విప్పి మళ్లీ బిగించకూడదు.

నిలువు వరసలో రెండు బోల్టుల మధ్య కనీసం ఒక అడుగు, వీలైతే ఒకటిన్నర అడుగు ఉంచండి.

ఊగే చెట్టు, పగలని ఇల్లు

రెండు చెట్ల మధ్య నేను కట్టిన మొదటి అరుగుకు దూలాన్ని రెండు చివరలా గట్టిగా బిగించాను. గట్టిగా ఉంటేనే క్షేమం అనుకున్నాను. మొదటి గాలివానకే ఒక చివర చెక్క చీలి, బ్రాకెట్ వంకరపోయింది. అదృష్టం కొద్దీ పైన ఎవరూ లేరు. రెండు చెట్లూ ఒకే గాలికి ఒకేలా ఊగవు. ఒకటి ముందుకు వస్తే ఇంకోటి వెనక్కి పోతుంది. వాటి మధ్య గట్టిగా బిగించిన దూలాన్ని ఆ రెండూ కలిసి లాగి తెంపుతాయి.

పద్ధతి ఇది. దూలం ఒక చివర బోల్టు మీద కదలకుండా కూర్చోవాలి. రెండో చివర జారే బ్రాకెట్‌లో ఉండాలి, అంటే చెట్టు ఊగినప్పుడు బోల్టు దూలం కింద అటూ ఇటూ జారాలి, కానీ పైకి లేచి ఊడిపోకూడదు. మూడు నాలుగు చెట్లున్నచోట ఒక్క చెట్టు దగ్గరే స్థిరంగా ఉంచి, మిగతావన్నీ జారనివ్వండి. ఎత్తుకు పోయేకొద్దీ ఊపు పెరుగుతుంది, కాబట్టి జారే చోటు కూడా ఎక్కువ కావాలి. మీ మొదటి పనులు 10 అడుగుల ఎత్తు దాటకుండా చూసుకోండి. ఎంత ఎత్తు అయినా చెట్టు మొత్తం ఎత్తులో మూడో వంతు మించకపోతే మంచిది.

ఒకే చెట్టయితే ఈ గొడవ ఉండదు, ఇల్లంతా చెట్టుతోపాటే ఊగుతుంది. అక్కడ సమస్య వేరు. మాను చుట్టూ దూలాలు పరిచి, కింద నుంచి 45 డిగ్రీల ఏటవాలులో దాపు కొయ్యలు నిలబెట్టాలి. బరువు ఒకవైపుకు ఒరగకూడదు. వరండా ఒకే పక్కన పొడవుగా రావాలని కస్టమర్ అడిగితే అటువైపు స్తంభం వేయండి. చెట్టుతోపాటు స్తంభాలు వాడటం తక్కువ పని అనుకునేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. చెట్టు మోయగలిగినంతే చెట్టు మీద పెట్టడం మంచి పనితనం. స్తంభం కదలదు, చెట్టు కదులుతుంది కాబట్టి జారే బ్రాకెట్ చెట్టువైపు పెట్టండి.

ఇదే ఆలోచన ఇల్లంతా పాకాలి. మాను ఇంటి నేలలోంచి, కప్పులోంచి దూరిపోయేచోట చుట్టూ ఖాళీ వదలండి. కప్పు దగ్గర ఊపు ఎక్కువ కాబట్టి అక్కడ ఇంకాస్త ఎక్కువ వదిలి, వాన లోపలికి రాకుండా సాగే రబ్బరు పట్టీ చుట్టండి. మెట్లు పైన మాత్రమే బిగించి, కింద రాతి పలక మీద ఊరికే ఆనించండి, జారడానికి వీలుగా. కరెంటు తీగ, నీళ్ల పైపు చెట్టు నుంచి ఇంట్లోకి వచ్చేచోట కొంచెం వదులుగా వంపు తిప్పి వదలండి.

బరువు లెక్క, అనుమతి

10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గది అనుకుందాం. నివాస గది నేల మీద మనుషులు, సామాన్ల బరువు కోసం చదరపు అడుగుకు 18 నుంచి 20 కిలోల దాకా లెక్క వేయడం నిర్మాణ నిబంధనల్లో మామూలు. అంటే 2,000 కిలోలు. కలప, గోడలు, కప్పు కలిపి ఇంకో 1,000 కిలోలు అనుకోండి. మొత్తం 3,000. నాలుగు బోల్టులకు సమానంగా పంచితే ఒక్కోదానికి 750. కానీ బరువు ఎప్పుడూ సమానంగా పడదు. అందరూ ఒకే మూలకు చేరి కిందికి తొంగి చూస్తారు. గాలి వేగం రెట్టింపయితే గోడ మీద ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. దాపు కొయ్యలు బోల్టు మీద పక్కబలం పెడతాయి. కాబట్టి ఈ లెక్క మీ అంచనా కోసమే. అసలు లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరు వేసి, సంతకం పెట్టాలి. చెక్క గురించి తెలిసిన ఇంజనీరును ఒక్కరిని పట్టుకుని, ప్రతి పనికీ ఆయన దగ్గరికే వెళ్లండి. నాలుగైదు పనులయ్యాక ఆయనకూ చెట్లు అర్థమవుతాయి.

అనుమతి గురించి గార్నియర్ కథ తెలుసుకోవాలి. తన ట్రీహౌస్‌లను అతిథులకు అద్దెకు ఇవ్వడానికి అక్కడి అధికారులు ఒప్పుకోలేదు. 1990లలో ఆయన ఒక ట్రీహౌస్ మీద 66 మందిని, రెండు కుక్కలను, ఒక పిల్లిని ఎక్కించి, అది ఎంత బరువు మోస్తుందో చూపించాడు. అయినా అనుమతి కోసం ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. మీరు ఆ దారిలో వెళ్లకండి. కట్టాక అడగడం కంటే గీసినప్పుడే అడగడం నయం. పిల్లలు ఆడుకునే చిన్న అరుగుకు ఒక రకం నిబంధనలు, డబ్బు తీసుకుని అతిథులను ఉంచే గదికి ఇంకో రకం. రెండోదాంట్లో అగ్నిప్రమాద జాగ్రత్తలు, బయటపడే దారి, వీల్‌చైర్ ర్యాంపు లాంటివి రావచ్చు. అనుమతి తెచ్చుకునే బాధ్యత కస్టమర్‌దా మీదా అన్నది మొదటి రోజే కాగితం మీద రాసుకోండి.

కట్టే రోజులు

చేయగలిగినదంతా నేల మీదే చేసేయండి. పైన బోల్టులు, దూలాలు, ఇంటి నేల పూర్తయ్యేసరికి కింద గోడలు చట్రాలుగా తయారై ఉండాలి. నేల పలకలు పరిచాక పై పని సగం నేల మీద పని అయిపోతుంది, కాబట్టి అక్కడిదాకా తొందరగా, జాగ్రత్తగా చేరుకోండి. దూలాలు లేపడానికి చైన్ కప్పీ వాడండి. మనుషుల భుజబలం వద్దు. వేలాడుతున్న బరువు కింద ఎవరూ నిలబడకూడదు, ఒక్క క్షణం కోసమైనా.

నేల పరిచి, చుట్టూ కంచె కట్టేదాకా పైనున్న ప్రతి మనిషీ హార్నెస్ (కింద పడకుండా తాడుకు తగిలించుకునే, ఒంటికి కట్టుకునే పట్టీలు) వేసుకోవాలి. రంపం పట్టుకున్నప్పుడు రెండు వేర్వేరు తాళ్లతో కట్టుకోవాలి, ఒకటి తెగినా ఇంకోటి ఉండేలా. కింద ఉన్నవాళ్లకు హెల్మెట్. ఒక విషయం గట్టిగా చెబుతాను: హార్నెస్‌లో పడిపోయి కదల్లేక వేలాడుతున్న మనిషికి కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. అతన్ని ఎలా దించాలో కింద ఉన్నవాళ్లలో కనీసం ఒకరికి తెలిసుండాలి. పని మొదలయ్యే ముందు ఒకసారి నిజంగా దించి చూడండి. పెద్ద గాలి మొదలైనా, ఉరుము వినిపించినా పని ఆపేయండి. ఆ రోజు కూలీ ఇవ్వాల్సి వచ్చినా సరే.

కంచె 36 అంగుళాలకు తగ్గకూడదు. ఎత్తయిన చోట, బయటివాళ్లు వచ్చే చోట 42 అంగుళాలు పెట్టండి. ఊచల మధ్య సందు 4 అంగుళాల లోపే ఉండాలి, పసిపిల్లల తల దూరకుండా. ఊచలు నిలువుగానే పెట్టండి. అడ్డంగా పెడితే పిల్లలకు అవి నిచ్చెన మెట్లు.

డబ్బు

మొదటిసారి చెట్టు చూడటానికి వెళ్లినందుకు తప్పకుండా ఫీజు తీసుకోండి. ఉచితంగా వెళ్తే, ఎలాగైనా పని దక్కించుకోవాలన్న ఆశతో బలహీనమైన చెట్టును కూడా "పర్లేదు" అనేస్తారు. ఫీజు తీసుకుంటే "ఈ చెట్టు వద్దు" అని నిజం చెప్పే స్వేచ్ఛ ఉంటుంది. పని ఒప్పుకుంటే ఆ ఫీజును బిల్లులో తగ్గించండి.

ఆ మొదటి సందర్శనలో ఎవరి కోసం కడుతున్నారో వాళ్లతోనే మాట్లాడండి. పిల్లల కోసమైతే పిల్లలను అడగండి. పెద్దవాళ్లు చిన్న ఇల్లు అడుగుతారు, పిల్లలు తాడు, బుట్ట, దాక్కునే చోటు అడుగుతారు. అవి ఖర్చులో చిన్నవి, వాళ్లకు మాత్రం అవే ఇల్లు. పెద్దవాళ్లు తమ కోసం అడిగితే పొద్దున వెలుగు ఎటునుంచి రావాలో, ఏ కిటికీలోంచి ఏం కనబడాలో చెట్టు దగ్గరే నిచ్చెన ఎక్కించి చూపించండి. కస్టమ్ పని అంటే ఈ మాటల్లోనే తయారవుతుంది. కాగితం మీద గీత ఆ తర్వాతే.

ధర వేసేటప్పుడు కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే: నేల మీద ఎన్ని గంటలు పడుతుందో అదే లెక్క వేస్తారు. ఎత్తులో ప్రతి పనికీ దిగడం, ఎక్కడం, తాడు మార్చుకోవడం కలుస్తాయి. మొదటి పని నుంచే గంటలు పుస్తకంలో రాసిపెట్టండి, బోల్టులకు ఎన్ని, నేలకు ఎన్ని, కప్పుకు ఎన్ని అని. మూడో పనికల్లా మీ అంచనాలు అందరికన్నా నిజాయితీగా ఉంటాయి. అప్పటిదాకా మొత్తానికి ఒకే ధర చెప్పకండి. సామాను ఖర్చు, గంటల ఖర్చు విడిగా చూపించి, అనుకోని పనికి కొంత పక్కన పెట్టండి.

డబ్బు నాలుగు విడతల్లో తీసుకోవడం నాకు బాగా కుదిరింది. డిజైన్ ఖాయమయ్యాక ఒకటి, బోల్టులు, కలప ఆర్డర్ చేసే ముందు ఒకటి, నేల పూర్తయ్యాక ఒకటి, అప్పగించేటప్పుడు చివరిది. రెండో విడత రాకుండా బోల్టులు కొనకండి. ఆ చెట్ల కొలతలకు తెప్పించినవి ఇంకో పనికి పనికిరాకపోవచ్చు. మధ్యలో కస్టమర్ కోరే ప్రతి మార్పూ, అది ఒక కిటికీయే అయినా, ధరతో సహా రాసి సంతకం చేయించుకోండి. ప్రమాద బీమా లేకుండా ఒక్క పనీ మొదలుపెట్టకండి.

మొదటి ఒకటి రెండేళ్లు పాత పని వదలకండి. ఆర్డర్లు ఒకేసారి వచ్చి పడతాయి, తర్వాత నెలల తరబడి ఏమీ ఉండవు, వానాకాలంలో చెట్టెక్కడం కుదరదు. ఆ నెలల్లో షెడ్డులో కిటికీలు, తలుపులు, మెట్లు తయారుచేసి పెట్టుకోవచ్చు. మీ పేరు నిలిపే పనులు మొదట చిన్నవే ఉంటాయి. ప్రతిదాన్నీ చెట్టు, బోల్టు, బ్రాకెట్ కనిపించేలా ఫొటో తీయండి. అందమైన కిటికీ ఫొటో అందరి దగ్గరా ఉంటుంది. ఖర్చు పెట్టగల కస్టమర్, ముఖ్యంగా రిసార్టు యజమాని, ఇంజనీరు, ఆ కింది భాగమే చూస్తారు.

అప్పగించాక

ట్రీహౌస్ తాళం చేతికి ఇవ్వడంతో పని అయిపోదు. చెట్టు పెరుగుతూనే ఉంటుంది. అందుకే ఏటా తనిఖీ ఒప్పందాన్ని మొదటి కాంట్రాక్టులోనే ఒక పేజీగా పెట్టండి. మీకు ఏడాది పొడవునా కొంత నిలకడైన ఆదాయం కూడా దాంట్లోంచే వస్తుంది. ఇలాంటివి 15, 20 ఉంటే, కొత్త ఆర్డర్ లేని నెలలో టెన్షన్ తగ్గుతుంది.

తనిఖీకి వెళ్లినప్పుడు ముందు మానుకీ దూలానికీ మధ్య ఖాళీ కొలిచి, పోయినసారి కొలత పక్కన రాయండి. ఏటా ఎంత తగ్గుతోందో తెలిస్తే, దూలాన్ని బయటికి జరపాల్సిన ఏడాది ముందే చెప్పగలుగుతారు. జారే బ్రాకెట్ మీద రాపిడి గీతలు చూడండి. గీత బ్రాకెట్ చివరిదాకా పోయి ఉంటే ఇంకా పొడవైనది కావాలి. గీతే లేకపోతే అది బిగుసుకుపోయినట్టు. కప్పు చుట్టూ రబ్బరు, ఇంటి నేల దగ్గర మాను చుట్టూ ఖాళీ, కంచె ఊచలు, మెట్ల కింది చివర, ఎండిన కొమ్మలు, మొదట్లో పుట్టగొడుగులు చూడండి. అన్నీ చూశాక ఒక కాగితం కస్టమర్‌కు ఇచ్చి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

ఎప్పటికో ఒకప్పుడు చెట్టు జబ్బుపడుతుంది, లేదా పిల్లలు పెద్దవాళ్లవుతారు, ఇల్లు దించేయమంటారు. ఇల్లంతా విప్పండి, బోల్టులను మాత్రం చెట్టులోనే వదిలేయండి. చెట్టు తనలో కలుపుకున్నదాన్ని పీకితే మళ్లీ పెద్ద గాయమవుతుంది. ఏ ఎత్తులో, ఏ దిక్కున, ఎన్ని బోల్టులున్నాయో రాసి, ఆ కాగితం స్థలం యజమానికి ఇచ్చి, పత్రాలతోపాటు దాచమని చెప్పండి. రేపు ఆ చెట్టును కొట్టాల్సి వస్తే, రంపం పట్టుకున్న మనిషికి లోపల ఉక్కు ఉందని తెలియాలి.